పదో నంబరు హెచ్చరిక, ఇంద్రుడి కూతురు

1990 మే 9, బుధవారం, వైశాఖ పౌర్ణమి. ఆ బుద్ధ పౌర్ణమి నాటికి హైదరాబాద్‌లో బుద్ధుడు నీళ్ళ అడుగున పడి ఉన్నాడు. రెండు నెలల కిందట, మార్చి 10న, హుస్సేన్ సాగర్ మధ్యకు తీసుకెళ్తుంటే రాతి విగ్రహం ఒరిగి మునిగిపోయింది. దాంతో పాటు కొందరు మనుషులూ పోయారు. ఎప్పటికి పైకి తీస్తారో తెలియదు. ఇది మంచిది కాదు సుమా అని తలలాడించిన పెద్దవాళ్ళకు ఆ వారం రేడియోలో తుపాను వార్తలు బోలెడంత బలం ఇచ్చాయి.

విద్యానగర్‌లో ఒక అద్దె గది. ఆంధ్ర మహిళా సభ వైపు నుంచి లోపలికి తిరిగే సందుల్లో అలాంటి గదులు కొల్లలు. పైన రేకులు, మూల కిరోసిన్ స్టవ్వు, మేకుకు రెండు ప్యాంట్లు, నేల మీద గ్రూప్ పరీక్షల పుస్తకాలు. అందులో ఇద్దరు కుర్రాళ్ళు. చిన్నవాడిది దివిసీమ, పెద్దవాడిది జనగామ పక్కన పల్లె. ఈ ఇద్దరూ నా కల్పన, ముందే చెప్పేస్తున్నాను. ఉస్మానియా చుట్టూ ప్రతి వీధిలోనూ అలాంటి జోడీలు ఉండేవి కాబట్టి పేర్లు పెట్టడం లేదు. వాళ్ళ మాటలూ నేను కూర్చినవే. గాలివాన, సినిమా, ముఖ్యమంత్రి, చావులు మాత్రం కల్పన కాదు.

"అన్నా, బందరులో పదో నంబరు ఎగరేశారంట."

"మల్ల రేడియో వెట్టినవా తమ్మీ? పొద్దటి సంది గదే చెప్తున్నడు గద."

"పొద్దున ఎనిమిదన్నాడు. ఇప్పుడు పది."

జనగామవాడికి ఎనిమిదికీ పదికీ తేడా లేదు. సముద్రం అతను చూసింది సినిమాల్లోనే. దివిసీమవాడికి తేడా తెలుసు. 1977 నవంబరు 19న వాడికి ఎనిమిదేళ్ళు. ఉప్పెన ఇంటి మీదికి వచ్చేసరికి నాయనమ్మ తన చీరతో వాణ్ణి ముళ్ళతుమ్మకు కట్టేసింది. తెల్లారేసరికి చెట్టుంది, చీరుంది, వాడున్నాడు, నాయనమ్మ లేదు. ఎడమ భుజం మీద ముళ్ళు దిగిన గుర్తులు వరసగా ఉంటాయి. చొక్కా మార్చుకునేటప్పుడు గోడవైపు తిరగడం అందుకే వాడికి అలవాటు. ఆ ఉప్పెనలో సర్కారు లెక్క ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. దివి తాలూకాలో పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ళ పేర్లు అంతకు ముందు ఎవరూ విననివి. ఆ తర్వాత ఎవరూ మరిచిపోనివి.

ఇప్పుడు మళ్ళీ అదే దారిలో వస్తోంది.

మే 4న బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం నాలుగు రోజుల్లో రాక్షసిలా ఎదిగింది. సముద్రం మీద ఉండగా దాని గాలివేగం గంటకు 230 కిలోమీటర్లు దాటింది. 9వ తేదీ సాయంత్రం బందరుకు నైరుతిగా, కృష్ణ సముద్రంలో కలిసేచోట తీరం దాటింది. పౌర్ణమి కదా, అసలే పోటు మీదున్న సముద్రం. తుపాను కొస హైదరాబాద్‌నూ తడిపింది. రోహిణి ఎండలకు సిద్ధపడుతున్న ఊళ్ళో మే నెలలో ముసురు!

సరిగ్గా ఆ రోజునే వైజయంతీ మూవీస్ వారి 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైంది. నిర్మాత అశ్వనీదత్, దర్శకుడు రాఘవేంద్రరావు, సంగీతం ఇళయరాజా, మాటలు జంధ్యాల, పాటలు వేటూరి. చిరంజీవి, శ్రీదేవి. పెద్ద ఖర్చు, పెద్ద ఆశ. డెల్టా జిల్లాల్లో చూస్తే ఎక్కడికక్కడ కరెంటు స్తంభాలు పడిపోయి, రోడ్లు తెగిపోయి, హాళ్ళలోకి నీళ్ళు చేరాయి. ముహూర్తం పెట్టిన సిద్ధాంతి ఎవరో గానీ ఆయన్ను తలుచుకోని పంపిణీదారుడు ఉండి ఉండడు.

కథ ఇప్పటి పిల్లలకు రెండు ముక్కల్లో చెప్పాలి. రాజు టూరిస్టు గైడు, అనాథ పిల్లల్ని చేరదీసినవాడు. దెబ్బతిన్న ఓ పాప కోసం మానస సరోవరం దాకా వెళ్తాడు. ఇంద్రుడి కూతురు ఇంద్రజ అక్కడ స్నానానికి దిగి ఉంగరం పోగొట్టుకుంటుంది. అది రాజు చేతికి చిక్కుతుంది. ఉంగరం లేనిదే ఆమెకు స్వర్గం తలుపు తెరుచుకోదు. దాన్ని రాబట్టుకోవడానికి కిందికి దిగి వస్తుంది. అంటే వచ్చేటప్పుడు ఆమె ప్రేయసి కాదు, ఎదుటి పక్షం. మన మట్టీ మన వాసనా మన తిండీ ఆమెకు ఏవగింపు. పేరు పెట్టి పిలవదు, "మానవా!" అంటుంది. శ్రీదేవి ఆ ఒక్క పిలుపును ఎన్ని రకాలుగా పలికిందో వరసగా వింటే చాలు, శత్రువు ఎక్కడ ఆగిపోయి ఆడమనిషి ఎక్కడ మొదలైందో తెలిసిపోతుంది. దర్శకుడు పాటల్లో చెప్పిన ప్రేమకన్నా నాకు అదే నచ్చుతుంది. మరోవైపు మహాద్రష్ట అనే మాంత్రికుడు (అమ్రిష్ పురి) ఆ దివ్యశక్తిని కాజేసి లోకాన్ని ఏలాలని కాచుకుని ఉంటాడు. చివరికి ఉంగరం చేజారుతుంది. ఇంద్రజ చావు ఉన్న మనిషిగా ఇక్కడే ఉండిపోతుంది.

మనకు ఇది కొత్త కథ కాదు. ఊర్వశి పురూరవుడితో కాపురానికి షరతులు పెట్టింది, షరతు తప్పగానే వెళ్ళిపోయింది. 1961లో కె.వి. రెడ్డి తీసిన 'జగదేకవీరుని కథ'లో ఇంద్రుడి కూతురు జయంతి చీర భూలోక రాకుమారుడి చేతికి చిక్కుతుంది. చీర దొరికేదాకా ఇక్కడ కాపురం, దొరికిన రోజున స్వర్గానికి పయనం. అత్తగారి దగ్గర గారాలు పోయి మరీ దాన్ని సంపాదించుకుని ఆ కోడలు ఎగిరిపోతుంది. పాపం, రాకుమారుడి వేషం వేసిన రామారావు వెనకే పరుగెత్తాలి. ఈ పాత కథల్లో వచ్చిన మనిషి ఒకసారైనా వెళ్ళిపోతుంది. 1990లో ఉండిపోయింది. పాటలకూ ట్రిక్ షాట్లకూ ఇచ్చే మార్కుల్లో కొన్ని ఈ మార్పుకు ఇవ్వాలని నా అభిప్రాయం.

విద్యానగర్ గదిలో సాయంత్రమైంది. జనగామవాడి దగ్గర రెండో ఆటకు రెండు టికెట్లున్నాయి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో పొద్దున్నే లైన్లో నిలబడి, చొక్కా గుండీ ఒకటి పోగొట్టుకుని సంపాదించినవి.

"పోదాం నడువ్."

"మా ఊళ్ళో ఏం జరుగుతుందో తెలీదు, నేను సినిమాకి రావాలా?"

"ఈడ గూసుంటె తెలుస్తదా? ఫోన్ పోతలేదు. బస్సు పోతదో పోదో. రేడియోల వాడు రేపు చెప్తడు. గదిలనే ఉంటె నువ్వు పిచ్చోనివైతవు."

అవును, దివిసీమవాడు ఎస్టీడీ బూతులో అప్పటికే ముప్పావు గంట నిలబడి వచ్చాడు. అవనిగడ్డ కోడ్ తిప్పితే చెవిలో గాలి హోరు తప్ప ఏమీ లేదు. వాళ్ళింట్లో ఫోనెక్కడిది, కరణం గారింట్లో ఉంది. కరణం గారింట్లో ఎవరన్నా ఉంటే కదా ఎత్తడానికి.

అడిక్‌మెట్ మీదుగా రాంనగర్, అక్కడి నుంచి క్రాస్ రోడ్స్. ఇద్దరి మీదా ఒకటే గొడుగు. నడుస్తూ నడుస్తూ పెద్దవాడు ఒక మాట అన్నాడు. "మా ఊర్లె పోచమ్మకు కోపమొస్తె ఏం జేస్తరో ఎరుకేనా? ఎదురు వోరు. బోనమెత్తుకొని పోతరు. ఒడిబియ్యం పోస్తరు. మా ఇంటి ఆడివిల్లవు, సల్లంగుండు అంటరు."

చిన్నవాడు ఏమీ అనలేదు. సముద్రానికి ఒడిబియ్యం పోయడం వాడికి నవ్వులాటగా తోచి ఉంటుంది.

కాని ఆ మాటలో ఈ నగరం చరిత్ర కొంత ఉంది. 1813లో కలరా లాంటి మహమ్మారి ఈ ఊరిని ఊడ్చిపెడుతుంటే ఉజ్జయినిలో పటాలంతో ఉన్న సురిటి అప్పయ్య మహంకాళికి మొక్కుకున్నాడనీ, సికింద్రాబాద్‌కు తిరిగొచ్చి గుడి కట్టించాడనీ చెబుతారు. లష్కర్ బోనాలు అక్కడి నుంచే. ఏ తల్లి కోపానికి ఊరు వణికిందో ఆ తల్లినే ఆషాఢంలో పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలా పిలిచి సాగనంపుతారు. పచ్చికుండ మీద నిలబడ్డ స్త్రీ నోట ఆమె తన అలకలూ కోరికలూ చెప్పుకుంటుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వేలమందిని మింగినప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నదికి చీరా పసుపు కుంకుమా సమర్పించాడని పాతబస్తీ ఇప్పటికీ చెప్పుకుంటుంది. ముసల్మాను పాదుషా, హిందూ నది, మధ్యలో ఒక పట్టుచీర. ఆ తర్వాత ఆయన కొడుకు కాలంలో విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయనుకోండి. చీర ఒక్కదానితో వదిలిపెట్టలేదు, ఆనకట్టా కట్టారు. నన్నడిగితే మన పద్ధతి మొత్తం ఇదే. పైనుంచి వచ్చి పడేదాన్ని చంపడం మన కథల్లో తక్కువ. ఇంట్లోకి తెచ్చుకోవడం ఎక్కువ. కూతుర్ని చేస్తాం, లేకపోతే పెళ్ళాం చేసుకుంటాం. ఆ పక్కనే గట్టూ వేస్తాం.

ఆ రాత్రి గట్టు వేసే పని మీద ఉన్నవాడి సొంతిల్లు విద్యానగర్‌కు దగ్గర్లోనే, తార్నాకలో. ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి. ఉస్మానియాలో వైద్యం చదివినవాడు. 1969లో ఇదే ఉస్మానియా క్యాంపస్ పిల్లలు తెలంగాణ కోసం రోడ్డెక్కినప్పుడు ప్రజాసమితికి నాయకుడైనవాడు. ఆయన పెద్దరికం మీద ఎవరి తగాదాలు వాళ్ళకున్నాయి, ఇక్కడ వాటితో పనిలేదు. దివిసీమ మాత్రం ఆయనకు తెలుసు. 1977 ఉప్పెన వచ్చిన నాలుగు నెలలకు, 1978 మార్చిలో, తొలిసారి ముఖ్యమంత్రి అయ్యింది ఆయనే. శవాలు తీసేసిన నేల మీద ఇళ్ళు కట్టించే పని ఆయన హయాంలోకి వచ్చింది. 1990లో ఆయనకు ఎదురుగా ప్రతిపక్ష నాయకుడి కుర్చీలో ఎవరు? 1961లో ఇంద్రుడి కూతుర్ని పెళ్ళాడిన రామారావే. 77లో అక్కినేనితో కలిసి దివిసీమ కోసం జోలె పట్టి ఊరూరా తిరిగిన రామారావే. కల్పిస్తే ఇంత అతికినట్టు కుదరదు.

77కీ 90కీ మధ్య చాలా మారింది. ఆకాశంలో ఇన్సాట్ 1బి ఉంది. దాని ద్వారా హెచ్చరికను నేరుగా తీరగ్రామాలకు పంపే పరికరాలు వచ్చాయి. బందరులో తుపానును పసిగట్టే రాడారు ఉంది. ఉప్పెన తర్వాత తీరం పొడవునా కట్టిన తుపాను రక్షణ భవనాలు ఉన్నాయి. మండలాఫీసులు వచ్చాయి. లక్షకు పైగా జనాన్ని ముందే కదిలించగలిగారు. కదిలించడం అంటే మాటలు కాదు. గొడ్డునూ గోదానూ వదిలి రమ్మంటే ఎవడొస్తాడు? "ఎన్ని చూశాం" అనే ముసలాళ్ళను మంచంతో సహా ఎత్తుకెళ్ళాల్సి వస్తుంది.

రెండో ఆట మొదలైంది. ఇంద్రజ మానస సరోవరంలోకి దిగేచోట హాలంతా ఈలలు. దివిసీమవాడు తెర వైపు కన్నా తెర మీది నీళ్ళ వైపు చూశాడు. నీళ్ళు అంత ఊరికే, అంత నిమ్మళంగా, వెన్నెల్లో ఉండటం వాడు నమ్మలేకపోయాడు. ఇంటర్వెల్‌లో బయటికొచ్చి వాన చూశాడు. అన్న సమోసా తెచ్చిచ్చాడు. తిన్నాడు. తిన్నందుకు సిగ్గుపడ్డాడు. "మానవా" అని ఆమె విసుక్కున్నప్పుడు మాత్రం పగలబడి నవ్వాడు. నవ్వుతూనే ఉండటం చూసి అన్న వాడి మోచెయ్యి పట్టుకున్నాడు.

ఆపదలో ఉన్నవాడు సినిమా చూడటం పారిపోవడం అంటారు కొందరు. చేతనైనదేమీ లేనప్పుడు పారిపోవడానికి మాత్రం చోటెక్కడ? వాడు రెండున్నర గంటలు చేసింది వేరే పని. పైనుంచి వచ్చిపడ్డదాంతో మనిషి బేరమాడగలడా అని చూశాడు.

నాలుగో రోజున కార్డు వచ్చింది, నాన్న రాత. "ఇల్లు లేదు. గేదె, దూడ పోయినవి. మండలాఫీసు వారు మంగళవారమే మమ్మల్ని బలవంతంగా బడి డాబాకు తోలిరి. నేను రానంటిని. కానిస్టేబులు నన్ను చెయ్యి పట్టి లాగినాడు. అందరం క్షేమం. నువ్వు చదువు మానుకొని రావద్దు." వాడు ఆ కార్డును రెండుసార్లు చదివి, స్టవ్వు ముట్టించి, ఇద్దరికీ టీ పెట్టాడు.

ఆ తుపానులో 967 మంది చనిపోయారు. పశువులు లక్షకు మించి. పంట, తోట, పడవ, వల అన్నీ కలిపి నష్టం వేల కోట్ల రూపాయల లెక్కలో పడింది. 967 చిన్న సంఖ్య అని ఎవరూ అనరు. అదే గాలి 77లోలా జనాన్ని కదిలించకముందే వస్తే ఎంతయ్యేదో లెక్కగట్టాల్సిన అవసరమూ లేదు. తార్నాక ఇంటి కొడుకు మర్రి శశిధర్ రెడ్డి తర్వాత జాతీయ విపత్తు నిర్వహణ సంస్థలో సభ్యుడిగా, ఆపైన ఉపాధ్యక్షుడిగా పనిచేశారు. ఇంట్లో ఉండి చూసిన గాలివాన పాఠమో, కాకతాళీయమో ఆయనే చెప్పాలి.

సినిమా సంగతి. మొదటి రోజుల్లో బొమ్మ పడని హాళ్ళలో నీళ్ళు తోడారు, కరెంటు వచ్చింది, మళ్ళీ బొమ్మ పడింది. మోకాలి లోతు నీళ్ళలో నడిచి వెళ్ళి చూశామని చెప్పేవాళ్ళు డెల్టాలో ఇప్పటికీ తగులుతారు. ఇల్లు కూలినవాడు ఆ డబ్బుతో బియ్యం కొనుక్కోక సినిమాకెందుకు పోయాడని ఆ రోజుల్లో ఎద్దేవా చేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మాట నాకు రుచించదు. ఇల్లు కూలినవాడికి తప్ప అడిగే హక్కు లేని ప్రశ్న అది. నష్టపోతుందనుకున్న చిత్రం ఆ దశాబ్దపు అతి పెద్ద విజయాల్లో ఒకటైంది. అశ్వనీదత్‌కు మే 9 అచ్చొచ్చిన తేదీ అయింది. 2018లో 'మహానటి'ని అదే తేదీకి తెచ్చారు. 2019లో ఆయన భాగస్వామిగా ఉన్న 'మహర్షి' కూడా అదే తేదీన వచ్చింది. కలియుగాంతం కథ 'కల్కి 2898 ఏడీ'ని కూడా 2024 మే 9కే అనుకున్నారు. ఈసారి గాలివాన కాదు, ఎన్నికలు అడ్డొచ్చి జూన్ 27కు జరిగింది. హుస్సేన్ సాగర్ అడుగున ఉన్న బుద్ధుణ్ణి 1992 డిసెంబరు 1న వేదిక మీద నిలబెట్టారు. 2025 మే 9న, సరిగ్గా 35 ఏళ్ళకు, ఇంద్రజ త్రీడీలో మళ్ళీ హాళ్ళకు వచ్చింది. శ్రీదేవి లేదు. 2018 ఫిబ్రవరిలోనే వెళ్ళిపోయింది.

పాఠకులకు ఒక మనవి. ఆ తుపాను గురించి వాతావరణ శాఖ లెక్కలున్నాయి, సినిమా వసూళ్ళ గురించి అభిమానుల లెక్కలున్నాయి. రేపల్లె, అవనిగడ్డ, బందరు, తెనాలి హాళ్ళలో నీళ్ళు తోడిన తర్వాత తొలి ఆట ఎప్పుడు పడింది, ఎవరెవరు వచ్చారు, జనరేటరు ఎక్కణ్ణుంచి తెచ్చారు అన్నది ఎవరూ రాసి పెట్టినట్టు నాకు తెలియదు. ఆ వారం టికెట్ చింపినవాళ్ళు, ప్రొజెక్టరు తిప్పినవాళ్ళు, తడిగుడ్డలతో కూర్చుని చూసినవాళ్ళు మీ ఇళ్ళలో ఉంటే కూర్చోబెట్టి అడగండి. ఊరు, హాలు పేరు, తేదీతో రాసి పెట్టండి. వాళ్ళకిప్పుడు అరవై, డెబ్బై దాటి ఉంటాయి. ఆలస్యం చేయకండి.